వీడియో కేసెట్టు అద్దె ఎంత ఉండాలి: ఒక లెక్కల నమూనా తయారీ డైరీ

వీడియో దుకాణం ఒక కొత్త సినిమాకు ఎన్ని కాపీలు కొనాలి, ఒక్కో కాపీని ఎన్ని రాత్రులకు ఎంత అద్దెకివ్వాలి, ఆలస్యంగా తెచ్చినవారి దగ్గర ఎంత వసూలు చేయాలి అనే మూడు ప్రశ్నలకు ఒకే స్ప్రెడ్‌షీట్‌లో జవాబు రాబట్టడం ఈ పని ఉద్దేశం. కెమెరాలు, షామియానాలు, పుస్తకాలు అద్దెకిచ్చే వారందరికీ ఇదే లెక్క ఎదురవుతుంది. అయినా వీడియో వ్యాపారాన్నే తీసుకోవడానికి కారణం ఉంది: అమెరికాలో ఆ వ్యాపారం కొనుగోలు ధరలు, అద్దెలు, ఒప్పందాల తీరు బహిరంగంగా చర్చకు వచ్చాయి కాబట్టి, నమూనా తప్పిందో లేదో సరిచూసుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఎవరైనా ఈ షీటును తిరిగి తయారు చేసుకోవాలనుకుంటే, నేను తప్పిన చోట్లు ముందే తెలిసి ఉండాలని అంకెలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

దశ 0: పనిముట్లు, మొదటి అంకెలు

పనిముట్లు నాలుగే: లిబ్రేఆఫీస్ కాల్క్ (స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం), గళ్ల నోటుబుక్కు, ఆరు పేకముక్కలు, ఒక పాచిక.

బయటి నుంచి తీసుకున్న అంకెలు రెండు. 1990ల చివరి భాగంలో అమెరికా దుకాణం కొత్త సినిమా కేసెట్టును సుమారు 65 డాలర్లకు కొనేది. దాన్ని సుమారు 3 డాలర్లకు అద్దెకిచ్చేది. అంటే 22 సార్లు అద్దెకు వెళ్తే తప్ప పెట్టుబడి తిరిగి రాదు. పోల్చి చూసుకోవడానికి మరో అంకె: 1977 చివరలో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ ఆట్కిన్సన్ తెరిచిన దుకాణంలో అద్దె రోజుకు 10 డాలర్లు, కేసెట్టు ధర దాదాపు 50 డాలర్లు. అక్కడ 5 అద్దెలతోనే డబ్బు తిరిగి వచ్చేది. 5 నుంచి 22కు పెరిగిన ఈ దూరమే నా ప్రశ్న మొత్తానికి మూలం.

మిగిలినవి నా ఊహలు. ఒక సినిమాకు, ఒక దుకాణంలో, 3 డాలర్ల అద్దె వద్ద పది వారాల గిరాకీ ఇలా ఉంటుందనుకున్నాను: 120, 90, 68, 51, 38, 29, 21, 16, 12, 9. మొత్తం 454. అద్దె గడువు రెండు రాత్రులు. ఒక కాపీ వారానికి 3 ట్రిప్పులు తిరుగుతుంది (అద్దెకు వెళ్లి తిరిగి రావడం ఒక ట్రిప్పు).

దశ 1: మొత్తంతో వేసిన లెక్క, దాని పతనం

మొదటి షీటులో చేసిన పని ఇది.

1. పది వారాల్లో ఒక కాపీ 30 ట్రిప్పులు తిరుగుతుంది.
2. మొత్తం గిరాకీ 454. దాన్ని 30తో భాగిస్తే 15 దాటింది కాబట్టి 16 కాపీలు కొన్నాను.
3. రాబడి 454 × 3 = 1,362 డాలర్లు; కొనుగోలు 16 × 65 = 1,040 డాలర్లు; లాభం 322 డాలర్లు.

ఈ 322 అంకె రెండు రోజుల పాటు షీటులో ఉంది. తరువాత వారం వారం వరుసలు వేసి, ప్రతి వారానికి గిరాకీ, సామర్థ్యం అనే రెండింటిలో చిన్నదాన్ని మిన్ ఫంక్షన్‌తో తీసుకోమన్నప్పుడు అసలు సంగతి బయటపడింది. 16 కాపీలు వారానికి 48 అద్దెలకు మించి ఇవ్వలేవు. మొదటి వారం 120 మంది వస్తే 72 మంది ఖాళీ చేతులతో వెళ్లిపోతారు. పదో వారంలో 9 మంది వస్తే 39 ట్రిప్పుల సామర్థ్యం అరలోనే కూర్చుంటుంది. నిజంగా జరిగే అద్దెలు 317 మాత్రమే. రాబడి 951, కొనుగోలు 1,040. అంటే 89 డాలర్ల నష్టం.

గిరాకీ అంతా ముందు వారాల్లో పోగై ఉన్నప్పుడు మొత్తాన్ని మొత్తంతో భాగించడం ఘోరమైన తప్పు. ఇంత స్పష్టమైన విషయాన్ని మొదటే పట్టుకోలేకపోయినందుకు బాధపడ్డాను గానీ, ఈ వ్యాపారంలో కొత్తగా దిగినవారు సగటు మీద ఆధారపడి కాపీలు కొంటే ఇలాగే దెబ్బతింటారన్నది దీనితో నాకు స్థిరపడింది.

ఇప్పటివరకు: 3 గంటలు; మొదటి షీటు లాభం 322, సరిచేశాక నష్టం 89.

దశ 2: ఒక్కో కాపీని విడిగా అడగడం

ఈసారి ప్రశ్న మార్చాను. ఎన్ని కాపీలు కావాలని కాకుండా, చివరగా చేర్చిన కాపీ తన 65 డాలర్లు తాను సంపాదించుకుంటుందా అని ప్రతి వరుసలో అడిగాను.

1. ఆరో కాపీ పది వారాల్లో 22 సార్లు బయటికి వెళ్తుంది: 66 డాలర్లు. కొనవచ్చు.
2. ఏడో కాపీ 21 సార్లు మాత్రమే: 63 డాలర్లు. కొనకూడదు.

కాబట్టి ఆరే. మొత్తం అద్దెలు 163, రాబడి 489, కొనుగోలు 390, లాభం 99 డాలర్లు. మొదటి వారం వచ్చిన 120 మందిలో 18 మందికే సినిమా దొరుకుతుంది. కొత్త సినిమా అడిగిన ప్రతిసారీ లేదన్న మాటే వినిపించడం దుకాణదారుడి అశ్రద్ధ కాదని, 65 డాలర్ల కేసెట్టు, 3 డాలర్ల అద్దె కలిసినప్పుడు లాభం చూసుకునే ఎవరైనా అక్కడికే చేరతారని ఈ అంకె చెబుతోంది.

రెండు అనుమానాలు మిగిలాయి. దొరకనివారిలో సగం మంది మరుసటి వారం మళ్లీ వస్తారనుకుంటే ఏమవుతుందో చూశాను. 6 కాపీలకు లాభం 120, 7కు 118, 8కి 114. జవాబు మారలేదు. పది వారాల తరువాత ఒక్కో కాపీని 10 డాలర్లకు పాత సరుకుగా అమ్మితే 7 కాపీల వరకు వెళ్లవచ్చు, లాభం 167. లాభం పెరుగుతుంది, కానీ అదనంగా నిలబడేది ఒక్క కాపీయే. ఈ రెండు వరుసలనూ పక్కన పెట్టి, పోలికలు సూటిగా ఉండేందుకు 6 కాపీలు, 99 డాలర్ల వద్ద స్థిరపడ్డాను.

ఇప్పటివరకు: 7 గంటలు, లాభం 99.

దశ 3: రాత్రుల లెక్క, పేకముక్కల పరీక్ష

వారానికి 3 ట్రిప్పులన్నది నా ఊహే కాబట్టి దాన్ని చేత్తో పరీక్షించాలనిపించింది. బల్ల మీద గళ్లకాగితం పరచి, ఆరు పేకముక్కలను ఆరు కేసెట్టులుగా, ఒక్కో గడిని ఒక్కో సాయంత్రంగా పెట్టుకున్నాను. తిరిగి వచ్చిన కేసెట్టు అదే సాయంత్రం మళ్లీ బయటికి వెళ్తుంది. కానీ రద్దీ ముగిశాక తెచ్చి ఇస్తే ఆ సాయంత్రం పోతుంది. దీన్ని పాచికకు అప్పగించాను: 1 గానీ 2 గానీ పడితే ఒక సాయంత్రం వృథా.

వృథా అయ్యే సాయంత్రం సగటున మూడో వంతు కాబట్టి, రెండు రాత్రుల గడువుతో ఒక ట్రిప్పుకు రెండు రోజులూ మూడో వంతు పడుతుంది. వారంలో సరిగ్గా 3 ట్రిప్పులు. ఒక రాత్రి గడువైతే ఒక రోజూ మూడో వంతు, వారంలో 5.25 ట్రిప్పులు. ఆరు ముక్కలతో ఒక వారం ఆడించినప్పుడు ఒక రాత్రి గడువుకు 31 ట్రిప్పులు వచ్చాయి. షీటులో 5 అని రాసుకున్నాను.

ఇక్కడ నాకు మొత్తం పని తిరగబడినట్టయింది. గడువును సగం చేసి, అద్దెను 3 నుంచి 2.25 డాలర్లకు తగ్గిస్తే చూసేవారికి ఖర్చు తగ్గుతుంది, అయినా కాపీ సంపాదించేది పెరుగుతుంది. షీటులో మార్పులు ఇవి.

1. 1 నుంచి 7 వారాల వరకు ఒక రాత్రికి 2.25 డాలర్లు. ఆరు కాపీలతో వారానికి 30 అద్దెలు. ఈ ఏడు వారాల్లో 200 అద్దెలు, 450 డాలర్లు.
2. 8వ వారం నుంచి గిరాకీ కాపీలను దాటడం లేదు కాబట్టి మళ్లీ రెండు రాత్రులు, 3 డాలర్లు. 37 అద్దెలు, 111 డాలర్లు.
3. మొత్తం 561, కొనుగోలు 390, లాభం 171 డాలర్లు.

ఒక్క కాపీ కూడా అదనంగా కొనకుండా 99 నుంచి 171 అయింది. అయితే ఇందులో ఒక బలహీనత ఉంది. మరునాడే తిరిగి తెచ్చివ్వడం ఇష్టం లేక కొందరు అసలు రాకపోవచ్చు. అందుకని ఒక రాత్రి వారాలన్నిటిలో గిరాకీని నాలుగో వంతు కోసి మళ్లీ నడిపాను: లాభం 139.50. అప్పటికీ 99 కంటే ఎక్కువే. రద్దీ వారాల్లో ఎలాగూ కాపీలకు మించి మనుషులున్నారు కాబట్టి, వెళ్లిపోయినవారి లోటు కనిపించేది చివరి వారాల్లోనే.

అందువల్ల షీటులో ‘సినిమా అద్దె’ అన్న శీర్షికను తీసేసి ‘కాపీ అరలో లేని రాత్రి ధర’ అని మార్చాను. దుకాణం అమ్ముతున్నది ఆ రాత్రులనే. ధరల పట్టిక కూడా వాటి మీదే ఉండాలి.

ఇప్పటివరకు: 10 గంటలు, లాభం 171, గిరాకీ కోసి చూస్తే 139.50.

దశ 4: ఆలస్య రుసుము

ఈ వ్యాపారంలో అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించిన విషయం ఇదే కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టాను. బ్లాక్‌బస్టర్ అనే అమెరికా వీడియో దుకాణాల గొలుసు సంస్థకు 2000 సంవత్సరంలో ఆలస్య రుసుముల నుంచి వచ్చినది సుమారు 80 కోట్ల డాలర్లు, మొత్తం రాబడిలో దాదాపు 16 శాతం. అంత పెద్ద మొత్తాన్ని శిక్ష అనాలా, ధరలో భాగం అనాలా అన్నది నన్ను వేధించింది.

దశ 2 షీటుకు తిరిగి వెళ్లి, ఆలస్యాల వల్ల వారానికి 3 ట్రిప్పులు 2.5కు పడిపోయాయని పెట్టాను. సగటున ఒక అద్దెకు అర రోజు కంటే కొంచెం తక్కువ ఆలస్యం, అంతే. ఆరు కాపీల దుకాణంలో అద్దెలు 163 నుంచి 141కి తగ్గాయి. పోయినవి 22, అంటే 66 డాలర్లు. లాభం 99 నుంచి 33కు కూలింది. ఒక పూట ఆలస్యం లాభంలో మూడింట రెండు వంతులు తినేస్తుందని ఈ అంకె చూసే దాకా నేను నమ్మి ఉండేవాణ్ణి కాను.

మొదటి ప్రయత్నంలో ఈ 66 డాలర్లను 141 అద్దెలకూ సమానంగా పంచి, అందరికీ ఒకే ఆలస్య రుసుము పెట్టాను. అది అన్యాయమైన పంపకం. పోయిన 22 అద్దెల్లో 21 మొదటి ఏడు వారాలవి, ఒకటి ఎనిమిదో వారానిది. తొమ్మిది, పది వారాల్లో ఎవరు ఎంత ఆలస్యంగా తెచ్చినా దుకాణానికి ఒక్క పైసా నష్టం లేదు, ఎందుకంటే ఆ కేసెట్టు కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు.

రెండో ప్రయత్నం ఇలా చేశాను.

1. గిరాకీ సామర్థ్యాన్ని దాటిన వారాలను మాత్రమే తీసుకున్నాను.
2. ఆ వారాల్లో పోయిన రాబడిని ఆలస్యమైన రోజుల మొత్తంతో భాగించాను.
3. వచ్చినది రోజుకు సుమారు 1.29 డాలర్లు.

ఈ 1.29ని మరో వైపు నుంచి కూడా రాబట్టవచ్చు: అద్దె 3 డాలర్లు, వారానికి 3 ట్రిప్పులు, 9 డాలర్లను 7 రోజులతో భాగిస్తే 1.29. న్యాయమైన ఆలస్య రుసుము అంటే ఆ కాపీ ఆ రోజు ఎలాగూ సంపాదించగలిగిన మొత్తమే, అదీ ఎవరో ఒకరు ఎదురుచూస్తున్నంత కాలమే. అంతకు మించి తీసుకున్నది దుకాణం పోగొట్టుకున్నది కాదు. చూసినవారి మరపు మీద సంపాదించినది.

ఆచరణలో ఈ జవాబుకు దగ్గరగా వచ్చినది, నాకు తెలిసినంతలో, డిస్కులు అద్దెకిచ్చిన రెడ్‌బాక్స్ యంత్రాలు. మొదట్లో రాత్రికి 1 డాలరు ఉండేది; ఉంచుకుంటే ప్రతి అదనపు రాత్రికి మరో డాలరు. అక్కడ ఆలస్యం అన్న మాటకే పని ఉండేది కాదు. నెట్‌ఫ్లిక్స్ అప్పట్లో పోస్టులో డిస్కులు అద్దెకిచ్చేది; అది 1999లో నెలసరి చందా పద్ధతిలో వేరే దారి పట్టింది: గడువు లేదు, రుసుము లేదు, కానీ చేతిలో ఉన్న డిస్కు తిరిగి పంపితే గానీ తరువాతిది రాదు. ఎదురుచూపు భారం దుకాణం నుంచి చూసేవారికి మారింది. బ్లాక్‌బస్టర్ 2005 జనవరిలో అమెరికాలో ఆలస్య రుసుములు ఎత్తివేసినప్పుడు, గడువు దాటి వారం గడిచాక డిస్కు ధర వసూలు చేసే నియమం పెట్టింది. నా షీటు ప్రకారం ఆ నియమం తప్పు చోట పని చేస్తుంది: రద్దీ వారంలో రెండు మూడు రోజుల ఆలస్యం దుకాణాన్ని నిజంగా గాయపరుస్తుంది, దానికి ఏ ధరా లేదు, ఎవరూ అడగని పాత సినిమా పది రోజులు ఇంట్లో ఉండిపోతే నష్టమేమీ లేదు, దానికి మాత్రం డిస్కు ధర.

ఇప్పటివరకు: 14 గంటలు, రెండు రాత్రుల పద్ధతిలో లాభం 99, ఆలస్యాలతో 33, రద్దీ వారాల్లో రోజుకు 1.29 వసూలు చేస్తే మళ్లీ 96.

దశ 5: 65 డాలర్లకు బదులు 8 డాలర్లు, రాబడిలో వాటా

1998లో బ్లాక్‌బస్టర్ సినిమా నిర్మాణ సంస్థలతో (స్టూడియోలతో) చేసుకున్న ఒప్పందాల సారాంశం ఇది: కేసెట్టుకు ముందుగా 65కు బదులు సుమారు 8 డాలర్లే చెల్లించి, అద్దె రాబడిలో ఒక వాటా స్టూడియోకు ఇవ్వడం. లెక్క సులువుగా ఉండేందుకు ఆ వాటాను సగమని పెట్టాను. అప్పుడు దుకాణానికి అద్దెకు 1.50 మిగులుతుంది; 6 అద్దెలతో కాపీ ఖర్చు తీరిపోతుంది.

షీటులో మూడు గడులు మార్చాను, అంతే. ముప్పయ్యో కాపీ 6 సార్లు వెళ్తుంది, 9 డాలర్లు తెస్తుంది, కొనవచ్చు. ముప్పై ఒకటోది 3 సార్లే, కొనకూడదు.

అద్దెలు: 163 నుంచి 424.
దొరకక వెళ్లిపోయినవారు: 291 నుంచి 30.
దుకాణం లాభం: 99 నుంచి 396 డాలర్లు.
స్టూడియోకు చేరినది: 390 నుంచి 876 డాలర్లు (కేసెట్టు తయారీ ఖర్చు ఇందులో తీయలేదు).

అద్దె ధర ఒక్క సెంటు కూడా మారలేదు. ధర ఎంత ఉండాలని మొదలుపెట్టిన పనిలో అన్నిటికంటే పెద్ద మెరుగుదల కొనుగోలు ఒప్పందం నుంచి రావడం నేను ఊహించనిది.

ఒక చిక్కును ఇక్కడే రాసి పెట్టాలి. ఈ పద్ధతిలో ఆలస్య రుసుమును స్టూడియోతో పంచుకోనవసరం లేకపోతే, ఆలస్యమైన రోజుకు దుకాణానికి 1.29 పూర్తిగా దక్కుతుంది. అదే రోజు మరొకరికి అద్దెకిస్తే దక్కేది అందులో సగమే. అంటే కేసెట్టు తిరిగి రాకపోవడమే దుకాణానికి లాభం. ఈ షీటును అనుకరించేవారు రాబడి పంచుకునే ఒప్పందం రాసుకుంటే ఆలస్య రుసుమును కూడా ఆ రాబడిలోనే చేర్చాలి.

ఇప్పటివరకు: 16 గంటలు, లాభం 396.

దశ 6: వారం వారం ధర మార్చడం, సగం విఫలం

30 కాపీల షీటులోనే, అద్దె ఒక డాలరు పెరిగితే గిరాకీ 30 శాతం తగ్గుతుందని ఊహించాను. మొదటి వారానికి 3.75 పెడితే 93 మంది వస్తారు, 90 మందికి దొరుకుతుంది, రాబడి 270 నుంచి 337.50కి పెరుగుతుంది. ఇది పనిచేసింది.

చివరి ఐదు వారాలకు 2.50కి దించితే రాబడి పెరుగుతుందని గట్టిగా అనుకున్నాను. పెరగలేదు, 261 నుంచి 250కి తగ్గింది. అప్పుడు చివరి వారాల్లో వచ్చే జనం ధరను ఎక్కువ పట్టించుకుంటారని 30ని 50 శాతం చేశాను, 272 అయింది. నేను ఊహించి పెట్టిన ఒక్క అంకె లాభాన్ని నష్టంగా, నష్టాన్ని లాభంగా మారుస్తున్నప్పుడు ఆ వరుస మీద నిర్ణయం తీసుకోకూడదు. దాన్ని మూసేశాను.

దానికి బదులు ధర తగ్గించకుండా రాత్రులు పెంచాను. ఐదు రాత్రుల గడువుతో 30 కాపీలు వారానికి 39 ట్రిప్పులు తిరుగుతాయి. ఐదో వారం గిరాకీ 38. అంటే ఐదో వారం నుంచి 3 డాలర్లకే ఐదు రాత్రులు ఇచ్చినా ఒక్క అద్దె కూడా పోదు. ఊహ మీద ఆధారపడాల్సిన పనీ లేదు. కొత్త సినిమాకు తక్కువ రాత్రులు, పాతదానికి ఎక్కువ రాత్రులు అన్న దుకాణాల అలవాటు వెనుక ఇంత గట్టి లెక్క ఉందని ఈ దశలోనే అర్థమైంది.

ఇప్పటివరకు: 19 గంటలు, 3.75 మొదటి వారంతో మొత్తం రాబడి 1,272 నుంచి 1,339.50.

దశ 7: మన దగ్గరి అంకెలు, కొట్టేసిన వరుస

చివరగా రూపాయల షీటు వేశాను. మా వీధి చివరి వీడియో లైబ్రరీలో సీడీకి రోజుకు 10 రూపాయలు తీసుకోవడం నాకు గుర్తుంది. 2007లో మోజర్ బేయర్ సంస్థ వీసీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. షీటులో 28 కొనుగోలు, 10 అద్దె అని పెట్టగానే మూడు అద్దెలతో పెట్టుబడి తిరిగి వస్తుందని చూపించింది. చూడటానికి బంగారు గని. కానీ అదే 28 రూపాయలకు చూసేవారు కూడా సొంతంగా కొనుక్కోవచ్చు; రెండు ఇళ్లవాళ్లు కలిస్తే తలా 14. తిరిగి తెచ్చివ్వనక్కరలేదు కూడా. 65 డాలర్ల కేసెట్టును ఏ ఇల్లూ కొనదు కాబట్టే అమెరికాలో అద్దె నిలబడింది. అద్దెకు పై హద్దు ఎప్పుడూ అమ్మకపు ధరే అన్న షరతు నా షీటులో లేదు. దాన్ని చేర్చాక గిరాకీ గడులన్నీ మళ్లీ ఊహించుకోవాల్సి వచ్చింది.

అంతకంటే పెద్ద తప్పు చట్టానికి సంబంధించినది. కొన్న కేసెట్టును హక్కుదారును అడగకుండా అద్దెకివ్వడం అమెరికాలో కాపీరైట్ చట్టం 109వ సెక్షన్ వల్ల సాధ్యమైంది. నా దశ 2 మొత్తం దాని మీదే నిలబడి ఉంది. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 14వ సెక్షన్ ప్రకారం సినిమా కాపీని అద్దెకిచ్చే హక్కు హక్కుదారుదే. 2012 సవరణ దాన్ని వాణిజ్యపరమైన అద్దె అని చెప్పింది. విదేశంలో సక్రమంగా కొన్న డిస్కులనైనా ఇక్కడ అనుమతి లేకుండా అద్దెకివ్వరాదని ఢిల్లీ హైకోర్టు 2009లో ఒక ఉత్తర్వులో స్పష్టం చేసింది. కాబట్టి 28 రూపాయలకు కొని 10కి అద్దెకిచ్చే వరుస మన దేశపు షీటులో అసలు రాయకూడనిది. దాన్ని కొట్టేశాను.

ఫైలు ప్రస్తుత స్థితి:

1. అమెరికా షీటు: దశ 2, 3, 5 విడివిడి పేజీలుగా ఉన్నాయి. దశ 3, 5 రెండింటినీ కలిపిన పేజీ ఇంకా వేయలేదు.
2. ఆలస్య రుసుము గడి ఇప్పుడు అద్దె, ట్రిప్పుల నుంచి దానంతట అదే వస్తుంది. గిరాకీ సామర్థ్యం కంటే తక్కువైన వారంలో సున్నా చూపుతుంది.
3. రూపాయల షీటులో కొనుగోలు వరుస స్థానంలో ‘లైసెన్సు రుసుము’ అనే ఖాళీ గడిని చేర్చాను. అది నింపే వరకు కింది గడులేవీ అంకె చూపవు.

మొత్తం సమయం: 21 గంటలు.